మూడు మిల్లీమీటర్ల కట్టర్‌కు ఎంత లోతు, ఎంత వేగం?

నిర్వాహకుడు: నమస్కారం. ఈ భాగాన్ని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న మెషిన్ షాపులో కూర్చుని రికార్డు చేస్తున్నాము. మేస్త్రి గారూ, ఉక్కును సన్నని ఎండ్‌మిల్‌తో, అంటే గిర్రున తిరుగుతూ కోసే పళ్ల కట్టర్‌తో, కోయవలసి వచ్చినప్పుడు చాలామంది ముందుగా ఫీడ్‌ను, అంటే కట్టర్ లోహంలో ముందుకు సాగే వేగాన్ని, తగ్గిస్తారు. అది సరైన జాగ్రత్తేనా?

మేస్త్రి: కాదండి. సన్నని కట్టర్లను ఎక్కువగా పోగొట్టేది ఆ భయమేనని నా నమ్మకం. ఒకసారి నేను 10 మిల్లీమీటర్ల ఈఎన్8 రకం ఉక్కు షాఫ్టులకు 3 మిల్లీమీటర్ల వెడల్పు, 1.8 మిల్లీమీటర్ల లోతు ఉండే కీవే, అంటే తాళపు ముక్క కూర్చునే గాడి, వేయవలసి వచ్చింది. రెండు ఫ్లూట్ల, అంటే రెండు పళ్ల, కార్బైడ్ (చాలా గట్టి, పెళుసు పదార్థం) కట్టర్ బిగించి, దాన్ని తిప్పే స్పిండిల్‌ను 6000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 6000 చుట్లు) పెట్టి, విరుగుతుందేమోనన్న బెరుకుతో ఫీడ్‌ను నిమిషానికి 60 మిల్లీమీటర్లకు దించాను. రెండు షాఫ్టులు పూర్తి కాకముందే మూడు కట్టర్లు పోయాయి.

నిర్వాహకుడు: లెక్క ఎక్కడ తప్పింది?

మేస్త్రి: 60ని 6000తోనూ, మళ్లీ రెండు పళ్లతోనూ భాగిస్తే ఒక్కో పంటికి 0.005 మిల్లీమీటర్లే వస్తుంది. అంచు కంటికి ఎంత పదునుగా కనిపించినా దాని కొసన కొద్ది మైక్రాన్ల గుండ్రదనం ఉంటుంది. చిప్పు, అంటే పన్ను తీసే లోహపు పొట్టు, అంత పలచబడితే పన్ను లోహాన్ని కోయకుండా దాని మీద రాసుకుంటూ పోతుంది; ఆ రాపిడికి అంచు వేడెక్కి మొద్దుబారుతుంది, మొద్దుబారిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, చివరికి కట్టర్ విరుగుతుంది. అందుచేత పంటికి 0.015 వచ్చేలా ఫీడ్‌ను 180కి పెంచి, లోతును మాత్రం పాస్‌కు, అంటే కట్టర్ ఒకసారి గాడి పొడవునా వెళ్లినప్పుడు, 0.3 మిల్లీమీటర్లకు తగ్గించి, ఆరు పాస్‌లలో కీవే ముగించాను. మిగిలిన షాఫ్టులన్నిటికీ ఒక్క కట్టరే సరిపోయింది.

నిర్వాహకుడు: అంటే తగ్గించవలసింది లోతునా?

మేస్త్రి: అవును, ఎందుకంటే సన్నని కట్టర్ ఇట్టే వంగుతుంది. బయటికి ఉన్న పొడవు మార్చకుండా వ్యాసాన్ని 6 నుంచి 3కు తగ్గిస్తే, అదే బలానికి వంపు 16 రెట్లవుతుంది. పొడవును రెట్టింపు చేస్తే 8 రెట్లవుతుంది. కాబట్టి అంకెల జోలికి పోకముందే కట్టర్‌ను కోలెట్‌లోకి (దాన్ని పట్టి ఉంచే బిగింపులోకి) వీలైనంత లోపలికి నెట్టి బిగించాలి. డయల్ గేజ్ (సన్నని తేడాలు కొలిచే ముల్లు మీటరు) పెట్టి రనౌట్, అంటే కట్టర్ తిరిగేటప్పుడు కేంద్రం నుంచి పక్కకు ఊగడం, కూడా చూడాలి, దీన్ని మన కుర్రవాళ్లు అనవసరపు పనిగా తీసిపారేస్తున్నారు. 0.01 రనౌట్ ఉంటే, మనం 0.015 అనుకున్న చోట ఒక పన్ను 0.025 తీస్తుంది, రెండోది 0.005 దగ్గర రాసుకుంటుంది.

నిర్వాహకుడు: మరి వేగం సంగతి?

మేస్త్రి: కోత వేగాన్ని, అంటే పంటి కొస నిమిషానికి ఎన్ని మీటర్లు సాగుతుందో ఆ అంకెను, 1000తో గుణించి, 3.14తోనూ వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. కార్బైడ్‌కు నిమిషానికి 60 మీటర్లు అనుకుంటే 3 మిల్లీమీటర్ల కట్టర్‌కు దాదాపు 6400 కావాలి. పాత మిల్లింగ్ మెషిన్ 1500 దాటలేదనుకోండి, అప్పుడు ఫీడ్‌ను కూడా అదే నిష్పత్తిలో 45కు దించాలి. ఫీడ్ తగ్గించడం న్యాయమైన చోటు అదే, ఎందుకంటే పంటికి వచ్చే మందం మారలేదు. అటువంటి మెషిన్ మీద పెళుసైన కార్బైడ్ కంటే హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) కట్టరే మేలు.

నిర్వాహకుడు: గాడి కాకుండా ఉక్కు ముక్క అంచును పక్కనుంచి కోసేటప్పుడు కూడా ఇవే అంకెలా?

మేస్త్రి: కావు. అక్కడ లోతు వ్యాసమంత, అంటే 3 మిల్లీమీటర్లు తీసుకోవచ్చు, కానీ పక్కకు 0.3 మించకూడదు. వ్యాసంలో పదోవంతే లోహంలో ఉన్నప్పుడు చిప్పు మందం పంటి ఫీడ్‌లో 0.6 వంతుకే పడిపోతుంది, కనుక ఫీడ్‌ను సుమారు 1.7 రెట్లు పెంచాలి. గాడిలోనైతే మరొకటి చూసుకోవాలి: తెగిన చిప్పులు అక్కడే నిలిచి మళ్లీ పంటి కింద పడతాయి, అందువల్ల గాలి గొట్టాన్ని కట్టర్ మొన వైపే తిప్పి ఉంచుతాను, పాస్ పూర్తయ్యేదాకా ఆపను.