క్లచ్ తీసేశాక ఎడమకాలికి పనేంటి?

(డాలస్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సొంత కమారో కారుతో డ్రాగ్ రేసులకు (తిన్నని ట్రాక్ మీద ఇద్దరి మధ్య పరుగు) వెళ్లే ఒకరు, ట్రాన్స్‌మిషన్ వర్క్‌షాప్ నడిపే ఒకరు (బిల్డర్), క్లచ్ అంటే ప్రాణం పెట్టే మెకానికల్ ఇంజనీరు ఒకరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. మనకు దక్షిణంగా ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది, 1986లో కట్టింది. అక్కడ మనవాళ్లు గ్యాలరీలో కూర్చుంటారు కానీ ట్రాక్ మీద కనబడేది తక్కువ. ఈయన కనబడతారు. అన్నా, నాలుగు గేర్ల క్లచ్ బండిని మార్చి టార్క్ కన్వర్టర్ పెట్టించారట. ఎందుకు?

రేసర్: కాలు మాట వినక. ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదలాలి. ఒకసారి టైరు ఊరికే తిరిగేది, ఇంకోసారి ఇంజన్ ఉసూరుమనేది. నేను దిగేది బ్రాకెట్ రేసులో. ఎంత టైములో వస్తానో ముందే అద్దం మీద రాయాలి. రాసినదానికంటే ముందొస్తే బ్రేకౌట్, ఓడిపోయినట్టే. వెనకపడ్డా చిక్కే. నా బండి నాకే అంతుబట్టకపోతే ఏం రాయను?

ఇంజనీర్: అది క్లచ్ తప్పు కాదండీ. ప్రెజర్ ప్లేటు సరిగ్గా అమర్చుకుంటే...

రేసర్: పదేళ్లు అమర్చుకున్నాను సార్.

(నవ్వులు)

వ్యాఖ్యాత: కన్వర్టర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పండి. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే రెండోది తిరుగుతుందని అంటారు కదా?

బిల్డర్: అందరూ అదే చెబుతారు. కన్వర్టర్‌లో ఇంజన్ తిప్పే ఫ్యాన్ పంపు, గేర్‌బాక్స్‌ను తిప్పేది టర్బైన్. కానీ ఆ రెండు ఫ్యాన్ల మధ్య స్టేటర్ అనే రెక్కల చక్రం ఉండదు, అసలు కిటుకు దాంట్లోనే ఉంది. టర్బైన్ నుంచి తిరిగొచ్చే ఆయిల్‌ను స్టేటర్ మళ్లించి, ఇంజన్ తిరిగే వైపే పంపుకు అందిస్తుంది. అందుకే బండి కదలకముందు టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుంది, దాదాపు రెండింతల దాకా. ఈయన పాత మన్సీ గేర్‌బాక్సులో ఫస్ట్ గేర్ రేషియో 2.20, అంటే టార్క్‌ను అన్ని రెట్లు చేస్తుంది. ఇప్పుడున్న రెండు గేర్ల ఆటోమేటిక్ పవర్‌గ్లైడ్‌లో 1.76 మాత్రమే. చూడగానే తగ్గిందనిపిస్తుంది. కన్వర్టర్ రెండింతలు చేసిందనుకోండి, 3.52 అయింది.

ఇంజనీర్: బండి కదిలిన మరుక్షణం నుంచీ ఆ రెండింతలు కరిగిపోతూ ఉంటుంది, అది కూడా చెప్పాలి. ఇంకోటి. ఇంజన్‌తోపాటు వేగంగా తిరుగుతున్న బరువైన చక్రం, ఫ్లైవీల్‌లో దాచిన శక్తి క్లచ్ వదలగానే ఒక్క దెబ్బలో చక్రాలకు చేరుతుంది. కన్వర్టర్ బండికి ఆ దెబ్బ లేదు.

బిల్డర్: ఆ దెబ్బకే యాక్సిల్ షాఫ్టులు విరిగేవి.

ఇంజనీర్: ఒప్పుకుంటా. (నవ్వు) కానీ డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన తరగతి టాప్ ఫ్యూయల్‌లో ఇప్పటికీ క్లచ్చే. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నడిపే ప్రో స్టాక్ తరగతిలో కూడా క్లచ్చే, ఐదు గేర్లు. ప్రో మాడ్ తరగతికి వస్తేనే కన్వర్టర్.

బిల్డర్: టాప్ ఫ్యూయల్‌తో పోలిక వద్దు సార్. అక్కడ గేర్లు మార్చడమే ఉండదు. ప్లేట్లు కావాలనే జారుతూ జారుతూ పట్టుకుంటాయి, ప్రతి పరుగు తర్వాత క్లచ్ విప్పి బాగుచేస్తారు. వారాంతంలో ఇద్దరు మిత్రులతో వచ్చే మనిషికి కుదిరే పనా?

వ్యాఖ్యాత: మరి మార్పిడిలో కష్టం ఎక్కడ?

రేసర్: పెడల్ తీసి గేర్‌బాక్స్ మార్చడమే అనుకున్నాను. ఫ్లైవీల్ పోయి కన్వర్టర్‌ను ఇంజన్‌కు కలిపే ఫ్లెక్స్‌ప్లేట్, కొత్త క్రాస్‌మెంబర్, డ్రైవ్‌షాఫ్ట్ పొడవు, ఆయిల్ కూలర్, బటన్ నొక్కి ఉన్నంతసేపు బండిని లైను దగ్గర ఆపి ఉంచే ట్రాన్స్‌బ్రేక్ వైరింగ్... లిస్టు పెరుగుతూనే పోయింది. మొదటిసారి ఒక షాపులో బిగించారు. స్టార్ట్ చేసిన కాసేపటికే గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంపు పగిలింది. ఆయిల్ మడుగు, పైగా నేనే ఏదో చేశానన్నారు.

బిల్డర్: కన్వర్టర్ పూర్తిగా లోపలికి దిగలేదు, అంతే. ఈ సంగతి నిదానంగా చెప్పాలి. గేర్‌బాక్స్‌ను నిలబెట్టి కన్వర్టర్‌ను తిప్పుతూ నెడితే మూడుచోట్ల 'టక్' మంటుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర ఒకటి, స్టేటర్ సపోర్ట్ దగ్గర ఒకటి, పంపు గేరు దగ్గర ఒకటి. మూడోది వినిపించకుండానే బోల్టులు బిగిస్తే పంపు నలిగిపోతుంది. బెల్‌హౌసింగ్‌ను ఇంజన్‌కు బిగించాక కన్వర్టర్‌ను చేత్తో తిప్పి చూడాలి, తేలిగ్గా తిరగాలి. ఫ్లెక్స్‌ప్లేట్ వైపు లాగితే మూణ్ణాలుగు మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అసలు రాలేదంటే, ఆగి మళ్లీ విప్పాల్సిందే.

వ్యాఖ్యాత: కన్వర్టర్ ఎంచుకోవడం?

బిల్డర్: ఇక్కడే జనం బోల్తా పడతారు. బండి బరువు, గేర్, టైరు, ఇంజన్ టార్క్ ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ అడుగుతాను. మీసం మెలేసి ఎనిమిది వందల గుర్రాలంటారు. తీరా చూస్తే ఆరు వందలు. నేను ఎనిమిది వందలకు తగ్గట్టు కట్టిస్తే మీ ఇంజన్ దాన్ని అనుకున్న ఆర్‌పీఎంకు తీసుకెళ్లలేదు. లైను దగ్గర బండి నీరసంగా కదులుతుంది. ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం లేకపోతే తక్కువే చెప్పండి.

రేసర్: నేను కూడా ఎక్కువే చెప్పాను. అందుకే రెండోసారి విప్పించాను.

ఇంజనీర్: సరిగ్గా పడినా చివరిదాకా జారుడు ఉంటుంది. లెక్క తేలికే. ట్రాప్ స్పీడు, అంటే ఫినిష్ లైను దగ్గరి వేగం, గంటకు మైళ్లలో, దాన్ని వెనక యాక్సిల్ గేర్ రేషియోతో, 336తో గుణించి అంగుళాల్లో టైరు వ్యాసంతో భాగించండి. 130 మైళ్లు, 4.56 గేర్, 28 అంగుళాల టైరు: సుమారు 7,110 వస్తుంది. ట్యాకోమీటర్ 7,500 చూపిస్తే అయిదు శాతం జారుతున్నట్టు. టైరు ఉబ్బడం వదిలేస్తే. బిగిసిన క్లచ్‌లో ఈ నష్టం ఉండదు.

బిల్డర్: మొదటి అరవై అడుగుల్లో గెలుచుకున్నది చివర్లో కొంచెం వదులుకుంటాం.

వ్యాఖ్యాత: భద్రత సంగతి?

ఇంజనీర్: 1970 మార్చిలో లాంగ్ బీచ్ లయన్స్ ట్రాక్‌లో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ బండిలో రెండు గేర్ల ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత పోయింది. తర్వాతి ఏడాది ఆయన ఇంజన్‌ను వెనక పెట్టిన డ్రాగ్‌స్టర్‌తో వచ్చాడు. అది కన్వర్టర్ బండి కాదు. కానీ గేర్‌బాక్స్‌కు కవచం ఎందుకో చెప్పాలంటే అది చాలు. ఫ్లెక్స్‌ప్లేట్‌కు, గేర్‌బాక్స్ కవచానికి రేసు భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్‌ఎఫ్‌ఐ ముద్ర ఉన్నవే కొనాలి. న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్ట్ అయ్యే స్విచ్ మర్చిపోకండి.

వ్యాఖ్యాత: ఇంతకీ ఎడమకాలికి పనేంటి అన్నా?

రేసర్: మొదటి రోజు బండిని స్టార్ట్ లైను మీద నిలిపి, స్టీరింగ్ మీదున్న ట్రాన్స్‌బ్రేక్ బటన్ నొక్కి ఉంచాను. చివరి పసుపు లైటు వెలిగింది, ఎడమకాలు అలవాటుగా లేని పెడల్‌ను తొక్కింది. వేలు మాత్రం బటన్ వదలనే లేదు. పక్క లేన్‌లో బండి వెళ్లిపోయింది, నేను అక్కడే! ఇప్పుడు ఎడమకాలు వెనక్కి జరిపి సీటు కిందకి పెడతాను, అది ముందుకు రాకుండా.