పైలట్‌కి మాత్రమే కనిపించే పువ్వు

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల కిందట విద్యార్థుల డిజైన్ సమీక్షకు నన్ను పిలిచారు. ఇచ్చిన అంశం ఒక కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం. అది ఆ దేశపు గుర్తింపును చూపించాలి. గోడకు పన్నెండు డ్రాయింగులు అంటించారు. వాటిలో నాలుగు పువ్వులు, రెండు పక్షులు, ఒక పడవ, ఒక శంఖం. పైనుంచి చూస్తే అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. చిక్కల్లా అక్కడే. టెర్మినల్‌ని పైనుంచి చూసేదెవరు? పైలట్లు, కిటికీ పక్క సీటు దొరికిన కొద్దిమంది, గద్దలు. మిగతావాళ్లంతా పెట్టె లాక్కుంటూ కింద నడిచొచ్చేవాళ్లే. వాళ్లకి ఆ పువ్వు రేకు ఒక వంకర గోడ, అంతే.

నేను ఈ మాట అనగానే ఒక కుర్రాడు, "మరి గుర్తింపు ఎక్కడ కనిపించాలి సార్?" అని అడిగాడు. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఏదో అనేసి దాటేశాను. ఈ రోజు చెప్పబోయేది ఆ అబ్బాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబే అనుకోండి.

ముందు మన చేతిలో లేని సంగతులు చూద్దాం. రన్‌వే ఏ దిక్కుకు ఉండాలో ఆర్కిటెక్టు చెప్పడు, గాలి చెబుతుంది. అడ్డగాలి వల్ల ఆగిపోకుండా కనీసం 95 శాతం సమయం వాడుకునేలా రన్‌వేలు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫార్సు. ఎత్తు కూడా మన ఇష్టం కాదు. పెద్ద రన్‌వే చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేర, 45 మీటర్ల ఎత్తున, కంటికి కనిపించని ఒక కప్పు ఉంటుంది. దాన్ని దాటి కట్టడం లేవకూడదు. రన్‌వేకి దగ్గరయ్యే కొద్దీ ఆ కప్పు ఇంకా కిందికి వాలుతుంది. శిఖరమైనా మినారైనా, పాతకాలపు కట్టడాలు తమ గొప్పను ఎక్కువగా ఎత్తుతోనే చెప్పుకున్నాయి. ఇక్కడ ఆ భాష చెల్లదు. విమానాశ్రయం బారుగా పడుకునే కట్టడం. జపాన్‌లో ఇటలీ ఆర్కిటెక్టు రెంజో పియానో చేసిన కాన్సాయ్ టెర్మినల్ పొడవు 1.7 కిలోమీటర్లు. అంత పొడవున్న దానికి ఏ రాజభవనపు ముఖాన్నో తెచ్చి అతికిస్తే ఏనుగుకి పిల్లి మొహం పెట్టినట్టుంటుంది. సంప్రదాయం కదా అని రన్‌వే పక్కన పెద్ద కొలను తవ్వి పండ్ల చెట్లు పెట్టారనుకోండి, పక్షులు చేరతాయి. పక్షులు ఇంజన్‌లో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇన్ని కట్టుబాట్ల మధ్య స్థానికత ఎక్కడ దూరుతుంది?

సౌదీ అరేబియాలోని జెద్దా వైపు చూడండి. అక్కడ హజ్ యాత్రికుల కోసం కట్టిన హజ్ టెర్మినల్ 1981లో పనిలోకి వచ్చింది. చేసింది అమెరికా సంస్థ ఎస్‌ఓఎం. నిర్మాణం వెనకున్న ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. ఆయన ముందున్న సమస్య వింతైనది. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే జనం, అప్పుడు మాత్రం లక్షల్లో. వాళ్లు గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటి కూడా అక్కడే వేచి ఉండాలి. వండుకుంటారు, పడుకుంటారు, నమాజు చేసుకుంటారు. అంతమందికీ ఏసీ హాలు కడితే మిగతా ఏడాదంతా దాని కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? ఎడారి మనిషి ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నాడు: గుడారం. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డతో 210 గుడారాలు వేలాడదీశారు, ఒక్కోటి 45 మీటర్ల చదరం. పక్కలకు గోడల్లేవు. గాలి అడ్డంగా వీస్తుంది. వేడెక్కిన గాలి గుడారం నడినెత్తినున్న రంధ్రంలోంచి పైకి పోతుంది. తెల్లటి గుడ్డ ఎండలో చాలా భాగాన్ని వెనక్కి కొట్టి, పలచటి వెలుగును మాత్రం కిందికి వదులుతుంది.

చూడగానే ఎవరైనా గుడారాలనే అంటారు. కానీ గుడారంలా కనిపించాలన్న ఆశతో మొదలైన పని కాదిది. నీడ కావాలి, గాలి కావాలి, జనం కింద కూర్చోగలగాలి. వీటికి జవాబు వెతుకుతూ పోతే గుడారం తేలింది. పైగా ఆ గుడ్డ, ఆ ఉక్కు తీగలు ఏ పాత గుడారంలోనూ లేవు. దీనికి 1983లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. నాకు నచ్చేది పురస్కారం కాదు, అక్కడికి వచ్చిన ముసలాయన బొమ్మను చూసి మెచ్చుకోనక్కర్లేదన్న సంగతి. ఆయన హాయిగా కూర్చుంటే చాలు, గుర్తింపు అందిపోయినట్టే.

స్థానిక వాస్తుశిల్పం అని మనం పిలిచేదంతా ఇలా పుట్టిందే. చూరు అందం కోసం కిందికి దిగలేదు, వాన గోడను తడపకూడదని దిగింది. జాలీ కిటికీకి నగిషీ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కళ్లు జిగేలుమనిపించే ఎండ. మనం నగిషీని ఫొటో తీసుకుని ఎండను మర్చిపోతాం. మొరాకోలోని మరాకేష్‌లో 2008 ప్రాంతంలో కట్టిన మెనారా టెర్మినల్ మాత్రం మర్చిపోలేదు. రాంబస్ ఆకారపు పెద్ద పెద్ద గడుల్లో అరబ్బీ లతల డిజైను గీసి ఎండను వడకట్టారు. పగలంతా ఆ లతల నీడలు నేల మీద జరుగుతూ ఉంటాయి.

ఇప్పుడు ఇంకో రకం కష్టం. విమానాశ్రయం పెరుగుతుంది, పెరగక తప్పదు. ఫ్రెంచి ఆర్కిటెక్టు పాల్ ఆండ్రూ ఇండోనేషియా రాజధాని జకార్తాలో సూకర్నో-హట్టా విమానాశ్రయాన్ని జావా పల్లెలా చేశారు. 1985లో తెరిచారు. విమానం ఎక్కే ముందు కూర్చునే ప్రతి గదీ విడిగా ఒక మండపం, దానికి జావా ఇళ్ల తరహా వాలు కప్పు. మండపాల మధ్య తెరుచుకున్న నడవాలు, నడవాలకు అటూ ఇటూ తోటలు. ఆ తోటల అమరికకు 1995లో ఆగాఖాన్ పురస్కారం ఇచ్చారు. విమానం ఎక్కబోతూ తడిమట్టి వాసన పీల్చగలిగే చోట్లు ప్రపంచంలో ఎన్నుంటాయి? కానీ 2016లో అక్కడే వచ్చిన కొత్త మూడో టెర్మినల్ పెద్ద గాజు, ఉక్కు హాలు. తప్పు పట్టను. ఒక్కొక్క మండపంగా విడగొట్టిన చోట కోట్లమందిని తిప్పడం తేలిక కాదు. అయినా ఒక పాఠం ఉంది. ఎదగలేని సంప్రదాయాన్ని పక్కన పెట్టేసి కొత్తది కట్టేస్తారు, అంతే.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఈ లెక్క కొంత కుదిరింది. 2013లో తెరిచిన క్వీన్ ఆలియా టెర్మినల్ బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఫోస్టర్ చేసింది. కప్పంతా లోతు తక్కువ కాంక్రీటు గుమ్మటాలు, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. దూరం నుంచి బెదూయిన్ల, అంటే ఎడారి సంచార జాతుల, గుడారాలు గాలికి పొంగినట్టు కనిపిస్తాయి. పగలు మండే ఎండ, రాత్రి చలి ఉన్న చోట బరువైన కాంక్రీటు వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. పాత మట్టిగోడ చేసే పని అదే. రద్దీ పెరిగితే ఇంకో వరస గుమ్మటాలు కలుపుకోవచ్చు. పువ్వు ప్లానుకి ఇంకో రేకు కలిపి చూడండి, ఏమవుతుందో!

అమ్మాన్ గురించి ఇంకో మాట. అక్కడ ఒకరు ప్రయాణమైతే సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. అందుకని టెర్మినల్ ముందు చెట్ల నీడన కూర్చునే చోటు పెంచి కట్టారు. ఉరుగ్వేలో రఫాయెల్ వినోలీ చేసిన కరాస్కో టెర్మినల్‌లో (2009) ఒకే వంపుగా సాగే కప్పు కింద, టికెట్ లేనివాళ్లు కూడా వెళ్లి రన్‌వే చూసేలా టెర్రస్ ఉంది. అది కూడా వీడ్కోలు కోసమే. ఎన్నో చోట్ల ఏం చేస్తున్నాం? గుమ్మం బయట రోడ్డంచున నిలబెట్టి, కారు తీయమని విజిల్ వేయిస్తున్నాం. ఒక తల్లి కొడుకుని కావలించుకుంటూ ఉంటే వెనక హారన్. లోపల ఎన్ని కోట్ల విలువైన శిల్పాలున్నా, ఆ తల్లి గుర్తుపెట్టుకునే దేశం ఆ హారనే.

శిల్పాలంటే నాకు కోపం అనుకుంటారేమో. బ్యాంకాక్ సువర్ణభూమికి (2006) వెళ్లినవాళ్లకి తెలుస్తుంది. హెల్ముట్ యాన్ చేసిన గాజు, ఉక్కు కట్టడం ఎక్కడైనా ఉండొచ్చు. తర్వాత లోపల క్షీరసాగర మథనం పెట్టారు, దేవతలూ రాక్షసులూ పామును లాగుతూ ఉంటారు. కట్టడానికీ దానికీ చుట్టరికం లేదు. అయినా జనం ఆగి ఫొటోలు దిగుతారు. వాదన ప్రకారం నేను దాన్ని విమర్శించాలి, నిజానికి నేనూ ఆగుతాను. ఢిల్లీ మూడో టెర్మినల్‌లో (2010) ఇమిగ్రేషన్ హాలు గోడ మీద పెద్ద పెద్ద నృత్య ముద్రలున్నాయి కదా, అవి కూడా విడిగా చేసి తగిలించినవే. కానీ తగిలించిన చోటు చూడండి. రాత్రంతా నిద్రలేని మనిషి ఎస్కలేటర్ మీద కిందికి దిగుతూ, అధికారి మొహం కంటే ముందు తెరిచిన ఒక చెయ్యిని చూస్తాడు. అలంకారమే, కాదనను. సమయానికి పడిన అలంకారం.

వస్తువు సంగతి, అంటే దేంతో కడతాం, ఎవరితో కట్టిస్తాం అన్నది. నాకు ఇక్కడే ఎక్కువ టెన్షన్. మామూలుగా జరిగేది ఏంటంటే, డిజైన్ బొమ్మల్లో చేతిపని ఘనంగా ఉంటుంది. టెండరు మొత్తం ఒకే కాంట్రాక్టుగా వెళ్తుంది. చివరి నెలల్లో డబ్బు సరిపోక 'వాల్యూ ఇంజినీరింగ్', అంటే ఖర్చు కోసే పని, మొదలవుతుంది. చెక్క నగిషీ ఫైబర్ అచ్చు అవుతుంది, ఆ అచ్చు కాస్తా ప్రింటు చేసిన స్టిక్కర్ అవుతుంది. నేను పనిచేసిన ఒక భవనంలో, నేత డిజైను రావాల్సిన గోడ మీద ఆ డిజైను ఫొటో ప్రింటు అంటించారు. అంచులు ఆరు నెలల్లో లేచాయి. నేను సంతకం పెట్టిన డ్రాయింగే అది, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. చేతిపనిని చివర్లో పూసే రంగులా చూసినంతకాలం ఇదే జరుగుతుంది. అది కప్పులో, స్తంభంలో కలిసిపోయి ఉంటే ఎవరూ కోసేయలేరు.

అమెరికాలో పోర్ట్‌లాండ్ 2024లో తెరిచిన కప్పు ఇందుకు మంచి ఉదాహరణ. తొమ్మిది ఎకరాల చెక్క కప్పు. కలపంతా 300 మైళ్ల లోపు అడవుల నుంచి వచ్చింది, అందులో ఆదివాసీ తెగల అడవులున్నాయి, చిన్న కుటుంబాల తోటలున్నాయి. కప్పును విమానాశ్రయం ఆవరణలోనే కట్టి, ముక్కలుగా జరిపి, పాత టెర్మినల్ నడుస్తుండగానే పైన కూర్చోబెట్టారు. బెంగళూరు రెండో టెర్మినల్ (2022) వెదురును లోకప్పు నిండా వాడింది. వెదురంటే మంట భయం ఉంటుంది కాబట్టి మామూలు బొంగు సరిపోదు, ఇంజినీరింగ్ వెదురు కావాలి. భూటాన్‌లో గెలెఫు విమానాశ్రయం కోసం డెన్మార్క్ ఆర్కిటెక్టు బ్యార్కె ఇంగెల్స్ సంస్థ 2025లో చూపించిన డిజైనులో మొత్తం నిర్మాణమే చెక్క చట్రాలు. వాటిని అక్కడి శిల్పులు చెక్కి రంగులద్దాలి. చట్రాలను విప్పొచ్చు, కలపొచ్చు, పెంచొచ్చు. మేకుల్లేకుండా జోంగ్‌లు, అంటే కోటల్లాంటి మఠాలు, కట్టిన చేతులున్న దేశం అది. కాగితం మీద ఇది నాకు బాగా నచ్చింది. కట్టాక మళ్లీ మాట్లాడుకుందాం.

జాతీయ గుర్తింపు అన్నారు కదా, ఎవరి గుర్తింపు? ఒక దేశంలో పది రకాల జనం ఉంటే రాజధాని వాళ్ల శైలిని అన్ని ఊళ్లలోనూ దించడం జాతీయత అనిపించుకుంటుందా? బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ విమానాశ్రయాన్ని చూస్తే ఈ మాట అన్నప్పుడల్లా నాకు జంకు. 1936లో నాజీలు మొదలుపెట్టారు. ఎర్న్‌స్ట్ జాగెబీల్ గీసిన, కిలోమీటరు దాటి వంపు తిరిగిన రాతి కట్టడం. చూసేవాడు చిన్నబోవాలన్నదే ఉద్దేశం. పదేళ్లు దాటేసరికి, 1948-49లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌ దారులు మూసేసిన దిగ్బంధంలో అదే చోట ఆహారం, బొగ్గు మోసుకొచ్చిన విమానాలు దిగాయి. పిల్లల కోసం చిన్న పారాచూట్లకు చాక్లెట్లు కట్టి జారవిడిచారు. 2008లో విమానాలు ఆగాయి, 2010 నుంచి ఆ రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతున్నారు, గాలిపటాలు ఎగరేస్తున్నారు. కట్టినవాళ్లు చెప్పదలచిన గుర్తింపు ఒకటి, జనం అక్కడ బతికి సంపాదించుకున్నది ఇంకొకటి.

కెనడాలో వాంకూవర్ విమానాశ్రయం మస్క్వియం జాతి వాళ్ల పూర్వీకుల నేల మీద ఉంది. విదేశాల నుంచి దిగినవాళ్లను ముందు పలకరించేది మస్క్వియం కళాకారిణి సూజన్ పాయింట్ చెక్కిన భారీ దేవదారు కదురు బిళ్ల (నూలు వడికే కదురుకు తగిలించే గుండ్రటి చక్రం), స్వాగత విగ్రహాలు. ఇంతవరకే అయితే మర్యాదపూర్వకమైన అలంకారం అని సరిపెట్టుకోవచ్చు. కానీ 2017లో ఆ జాతితో విమానాశ్రయం 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది: ఉద్యోగాలు, చదువుకు సాయం, ఏటా రాబడిలో ఒక శాతం వాటా. బొమ్మ చెక్కినవాళ్ల పిల్లలు అక్కడే జీతం తీసుకుంటే ఆ బొమ్మ వేరుగా కనిపిస్తుంది.

విద్యార్థులకు ఒక పని అప్పజెప్పి ఆపేస్తాను. వచ్చే వారం స్టూడియోకి ప్లాన్ తేవద్దు, పైనుంచి తీసిన బొమ్మ అసలే తేవద్దు. ఒక్క సెక్షన్, అంటే కట్టడాన్ని నిలువుగా కోసి చూపే బొమ్మ, గీయండి, 1:20 స్కేలులో. అందులో ఒక మనిషి విమానం ఎక్కడానికి వెళ్తుంటాడు, నలుగురు సాగనంపుతుంటారు. ఆ నలుగురిలో ఒకరు ముసలివాళ్లు, ఒకరి చంకలో పిల్ల. బయట ఎండో వానో మీ ఇష్టం, కానీ ఏదో ఒకటి ఉండాలి. వాళ్లు ఎక్కడ నిలబడతారు, ఎక్కడ కూర్చుంటారు, వెలుగు ఎటునుంచి పడుతుంది, చెయ్యి వేసే కటకటాలు దేంతో చేసినవి, అవి చేసినదెవరు, అన్నీ గీయండి. కప్పు ఆకారం చివర్లో చూద్దాం.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసకు కూడా పంపండి.