ఫోన్-ఇన్: సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఎముకల డాక్టరు అవ్వాలంటే

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ మనతో ఉన్నది పిల్లల ఎముకల సర్జన్. మెదడు దెబ్బతో కదలిక కష్టమయ్యే సెరిబ్రల్ పాల్సీ, అంటే సీపీ ఉన్న పిల్లలకు వైద్యం చేయడమే ఆవిడ పనిలో ఎక్కువ భాగం. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు, ఆ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. అప్పుడే లైన్లో ఒకరున్నారు. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్తే మేడం. నేను ఆర్థోపెడిక్స్ పీజీ చేస్తున్నాను. పిల్లల ఆర్థో వైపు వెళ్దామని ఉంది. మా సీనియర్లేమో కీళ్ల మార్పిడి తీసుకో, సీపీ పిల్లలకి ఎంత చేసినా ఫలితం కనపడదు అంటున్నారు.

డాక్టర్: ఆ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మోకీలు మార్పించుకున్న పెద్దాయన మర్నాడే లేచి నాలుగడుగులు వేస్తారు. మన దగ్గర అలా ఉండదు. దెబ్బ తగిలింది మెదడుకి. కడుపులో ఉండగానో, కాన్పప్పుడో, పుట్టిన కొత్తల్లోనో తగిలింది. అది ముదరదు, మన కత్తితో పోదు కూడా. పెరిగేది ఎముక. బిగుసుకున్న కండరం ఎముకతో సమానంగా సాగలేదు, పిల్లాడు ఎదిగేకొద్దీ కురచైపోయే చొక్కాలా తయారవుతుంది. అందుకే మూడేళ్లప్పుడు మడమ ఆనించిన పిల్లాడు ఎనిమిదేళ్లకి మునివేళ్ల మీదే నడుస్తుంటాడు. జబ్బు తలలో, ఆపరేషన్ కాలికి. ఇది మనసుకి ఎక్కితేనే ఈ పనిలో నిలబడగలరు.

మొదటి శ్రోత: అంటే ఆపరేషన్లు తక్కువగా ఉంటాయా మేడం?

డాక్టర్: ఉంటాయి, పెద్దవే ఉంటాయి. ఎప్పుడు చేయాలన్నదే అసలు విద్య. వెనకటి రోజుల్లో ఈ ఏడు మడమ, పై ఏడు మోకాలు, ఆ పై ఏడు తుంటి... ఇలా సాగేది. టొరంటోలో మెర్సర్ రాంగ్ అనే సర్జన్ ఉండేవారు, దీన్ని ‘బర్త్‌డే సిండ్రోమ్’ అని వెక్కిరించారు. ఏటా పుట్టినరోజు ఆస్పత్రి మంచం మీదేనన్నమాట. ఇప్పుడు నడవగలిగే పిల్లలకి తుంటి నుంచి పాదం దాకా సరిచేయాల్సినవన్నీ వీలైనంతవరకు ఒకేసారి చేస్తాం. సాధారణంగా ఆరేళ్లు దాటాక, నడక తీరు కుదురుకున్నాక. ఆ తర్వాత ఏడాది పైనే ఫిజియో. మొదటి కొన్ని నెలలు పిల్లాడు ముందుకంటే బలహీనంగా కనపడతాడు. తల్లిదండ్రులు హడలిపోతారు, మీరు హడలిపోకూడదు.

వ్యాఖ్యాత: మడమ ఒక్కటే పట్టేసిన పిల్లాడికి అది సరిచేస్తే చాలు కదండీ?

డాక్టర్: పైకి అలాగే కనపడుతుంది. మోకాళ్లు కూడా వంగి ఉన్న పిల్లాడికి మడమ వెనక స్నాయువు ఒక్కటే అతిగా సాగదీశారనుకోండి, మడమ ఆనుతుంది, తల్లి సంతోషిస్తుంది. ఏడాది రెండేళ్లకి మోకాళ్లు ఇంకా వంగి, సగం కూర్చున్నట్టు నడుస్తాడు. దాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం. గెయిట్ ల్యాబ్ ఉండేది ఇందుకే. ఒంటి మీద మార్కర్లు అంటించి, కెమెరాల ముందు నడిపించి, ఏ కీలు ఏ క్షణంలో ఎంత వంగుతోందో చూస్తారు. మినెసోటాలో జేమ్స్ గేజ్ దీన్ని సీపీ వైద్యంలోకి గట్టిగా తెచ్చినవాళ్లలో ముఖ్యులు. ల్యాబ్ లేకపోతే ఫోన్లో ముందు నుంచి, పక్క నుంచి వీడియో తీసి, ఆ వీడియోని నెమ్మదిగా తిప్పి పది సార్లు చూడండి. ఓపీలో రెండు నిమిషాల నడక చూసి కత్తి పట్టకండి.

మొదటి శ్రోత: ట్రైనింగ్ ఎంత ఉంటుంది మేడం?

డాక్టర్: పీజీ అయ్యాక పిల్లల ఆర్థోలో ఫెలోషిప్ ఒక ఏడాది, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. సీపీ కేసులు బాగా వచ్చే చోటు చూసుకోండి, పేరు చూసి వెళ్లకండి. అన్నట్టు, ఈ జబ్బు గురించి 1861లో లండన్‌లో వివరంగా చెప్పింది ఎముకల డాక్టరే, విలియం జాన్ లిటిల్. ఆయనకే చిన్నప్పటి నుంచి పాదం వంకర ఉండేది.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండమ్మా.

రెండో శ్రోత: మా పాపకి నాలుగేళ్లండీ. ఆసరా లేకుండా కూర్చోలేదు. నొప్పని ఏడ్చింది కూడా లేదు, అయినా ఆరు నెలలకోసారి తుంటి ఎక్స్‌రే తీయించమంటున్నారు. పదే పదే ఎందుకండీ?

డాక్టర్: తీయించండమ్మా, మానకండి. కదలికను బట్టి ఈ పిల్లల్ని అయిదు స్థాయిలుగా చూస్తారు, 1997 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. మొదటి స్థాయి పిల్లలు తమంతట తాము నడిచేస్తారు, అయిదో స్థాయి వాళ్లకి తల నిలపడానికి కూడా సాయం కావాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చేసిన అధ్యయనంలో మొదటి స్థాయిలో తుంటి పక్కకి జరిగినవాళ్లు లేరు, అయిదో స్థాయిలో 90 శాతం మందికి జరిగింది. జరిగేటప్పుడు నొప్పి ఉండదు. నొప్పి మొదలయ్యేసరికి చిన్న ఆపరేషన్‌తో పోయే అవకాశం దాటిపోయి ఉండొచ్చు. తొడ ఎముక పైకొన ఒక బంతిలా తుంటి గిన్నెలో కూర్చుంటుంది, ఆ బంతిలో ఎంత శాతం గిన్నె దాటి బయటికి వచ్చిందో ఎక్స్‌రే మీద కొలుస్తారు. 30 శాతం దాటితే జాగ్రత్తపడతాం. పోయినసారి ఎంతుంది, ఈసారి ఎంతుంది అని మీరే అడిగి రాసుకోండి.

రెండో శ్రోత: ఆపరేషన్ అవసరమై చేయిస్తే... నడుస్తుందా అండీ?

డాక్టర్: పాపని చూడకుండా నేను చెప్పకూడదమ్మా. కానీ ఆసరా లేకుండా కూర్చోలేని పిల్లలకి తుంటి ఆపరేషన్ నడిపించడానికి చేసేది కాదు. నొప్పి లేకుండా కుర్చీలో కూర్చోవడానికి, కాళ్లు విడదీసి శుభ్రం చేయడానికి, రాత్రి నిద్ర పట్టడానికి. మీ డాక్టర్ని ‘దేనికోసం చేస్తున్నారు’ అని సూటిగా అడగండి. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడితే ఇంకొకరి దగ్గరకి వెళ్లండి, తప్పేం లేదు.

వ్యాఖ్యాత: ఫిజియోథెరపిస్టు ఒకరు లైన్లో ఉన్నారు, క్లుప్తంగా.

మూడో శ్రోత: మేడం, సర్జన్లు ఆపరేషన్ చేసి, కట్టు విప్పి మా దగ్గరకి పంపేస్తారు. ముందు మాతో ఒక్క మాట మాట్లాడరు.

డాక్టర్: నిజమే, సర్దిచెప్పను. పిల్లాడిని వారం వారం చూసేది మీరు. ఏ కండరం బలం ఎంతో మీకు తెలిసినంత మాకు తెలియదు. బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్ చేసినా దాని పట్టు కొన్ని నెలలే, ఆ నెలల్లో మీరు పని చేయించకపోతే వృథా. ఆపరేషన్‌కి ముందే కలిసి కూర్చోమని తల్లిదండ్రుల చేత కూడా అడిగించండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. హలో?

నాలుగో శ్రోత: నాకే సీపీ ఉందండీ. ఇరవై ఆరేళ్లు. చిన్నప్పుడు చూసిన డాక్టరు, పెద్దవాడివయ్యావు కదా ఇంక పిల్లల విభాగంలో చూడం అన్నారు. రెండేళ్లుగా మోకాళ్లు నొప్పి, నడక తగ్గింది. ‘నీ జబ్బంతే’ అంటున్నారు.

డాక్టర్: అలా వదిలేయకండి. మెదడు దెబ్బ ముదిరేది కాదు కాబట్టి, నడక కొత్తగా తగ్గిందంటే కారణం వెతకాల్సిందే. మోకాళ్లు వంచి నడిచేవాళ్లకి మోకాలి చిప్ప పైకి జరిగి నొప్పి రావచ్చు, దానికి చికిత్స ఉంది. చేతుల్లో పట్టు తగ్గినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, మూత్రం ఆపుకోలేకపోతున్నా మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు, ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకి చూపించి ఎమ్మారై గురించి అడగండి. మెడ, చేతులు ఊరికే మెలికలు తిరిగే రకం సీపీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అలాంటివేం లేకపోతే ముందు రీహాబిలిటేషన్ డాక్టర్ని కలవండి. పాత ఆపరేషన్ కాగితాలు ఉన్నాయా?

నాలుగో శ్రోత: కొన్ని ఉన్నాయండీ.

డాక్టర్: లేనివాటికి పాత ఆస్పత్రి రికార్డుల విభాగంలో రాతపూర్వకంగా అడగండి. ఎక్కడ కోశారో, లోపల ప్లేట్లు ఉన్నాయో లేవో కొత్త డాక్టరుకి తెలియాలి.