పెద్దోడు, నడిపోడు, చిన్నోడు: హాన్ చక్రవర్తుల ఇల్లు

వ్యాఖ్యాత: నమస్కారం. హాన్ వంశాన్ని స్థాపించి క్రీ.పూ. 202లో చైనా చక్రవర్తి అయిన లియు బాంగ్ ఇంటి గురించి ఈ రోజు చర్చ. మేడమ్, వాళ్లు నిజంగా రైతులేనా?

చరిత్ర అధ్యాపకురాలు: రైతులేనండి. పేర్లే చెబుతాయి. హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన పుస్తకంలో లియు బాంగ్ తండ్రి 'తాయ్‌గోంగ్', అంటే పెద్దాయన. తల్లి 'లియు ఆవో', లియు వారి ముసలమ్మ. కొడుకులు బో, జోంగ్, జీ. మన ఊళ్లో పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అన్నట్టే. ఆ చిన్నోడే లియు బాంగ్. చక్రవర్తిని కన్న తల్లికి ఆ పుస్తకంలో సొంత పేరు లేదు. అక్కడికి వచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

అనువాదకుడు: తండ్రికి ఈ కొడుకు మీద నమ్మకం ఉండేది కాదు. పని చేయడు, నడిపోడిలా ఆస్తి కూడబెట్టలేడని తిట్టేవాడు. వెయ్‌యాంగ్ రాజభవనం పూర్తయ్యాక నిండు విందులో లియు బాంగ్ తండ్రికి మద్యం అందించి, "ఇప్పుడు చెప్పు నాన్నా, ఎవరి ఆస్తి ఎక్కువ, అన్నదా నాదా?" అని అడిగాడు.

వ్యాఖ్యాత: పండితులంటే పడేది కాదంటారు?

అధ్యాపకురాలు: అస్సలు పడేది కాదు. వాళ్ల టోపీ లాక్కుని అందులో మూత్రం పోసేవాడట. షూసున్ తోంగ్ అనే పండితుడు తన పొడుగు అంగీ వదిలి, రాజు సొంత సీమ అయిన చూ ప్రాంతపు పొట్టి అంగీ వేసుకొచ్చాకే రాజుకు నచ్చాడు. తర్వాత సభామర్యాదలు నేర్పింది కూడా ఆయనే. అంతకుముందు సేనానులు తాగి, కేకలు పెట్టి, కత్తులతో స్తంభాలు కొట్టేవాళ్లు.

అనువాదకుడు: ఆ ఇంటి రుచులు తర్వాత కూడా అంత తేలిగ్గా మారలేదు మేడమ్. లియు బాంగ్ మునిమనవడు వూ చక్రవర్తి రాణి వెయ్ జిఫూ ఒకప్పుడు ఆయన అక్క ఇంట్లో పాటలు పాడే అమ్మాయి. క్రీ.పూ. 128లో పట్టపురాణి అయింది. లియు బాంగ్‌కేమో చూ పాటలంటే ఇష్టం. క్రీ.పూ. 195లో సొంతూరు పెయ్‌కి వెళ్లి, 120 మంది పిల్లలకు పాట నేర్పి, తానే నాట్యం చేస్తూ ఏడ్చాడు.

వ్యాఖ్యాత: ఊరికి ఏమైనా చేశాడా?

అధ్యాపకురాలు: పెయ్‌కి పన్ను ఎత్తేశాడు. అదే ప్రాంతంలో తాను పుట్టి పెరిగిన ఫెంగ్‌కి మాత్రం ఆ మినహాయింపు ఇవ్వనన్నాడు. యుద్ధంలో ఆ ఊరు తనను వదిలి శత్రువు పక్షం చేరిందన్న కోపం అప్పటికీ తగ్గలేదు. పెయ్ పెద్దలు మళ్లీ మళ్లీ బతిమాలితే, చివరికి ఫెంగ్‌కీ ఎత్తేశాడు.