కుడి చేతికి విశ్రాంతి ఎంతవరకు? థ్రాటిల్ లాక్‌లపై శ్రోతల ప్రశ్నలకు సమాధానాలు

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. మోటార్ సైకిల్‌పై గంటల తరబడి ప్రయాణించేవారికి కుడి చేతిలో వచ్చే తిమ్మిరి గురించి, దానికి పరిష్కారంగా అమ్ముతున్న థ్రాటిల్ లాక్‌ల గురించి, అంటే యాక్సిలరేటర్ గ్రిప్‌ను తిప్పిన చోటే నిలిపి ఉంచే పరికరాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చాలా కాలంగా బండ్లు మరమ్మతు చేస్తూ, వాటిపైనే దూర ప్రయాణాలు చేస్తున్న మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను కర్నూలు నుంచి. చెప్పండి.

శ్రోత (కర్నూలు): నమస్కారమండీ. ఉద్యోగరీత్యా నేను నెలకు రెండుసార్లు బెంగళూరుకు బండి మీదే వెళ్లి వస్తుంటాను. నాది 350 సీసీ, ఒకే సిలిండర్ ఉన్న పాత బండి. గుత్తి దాటేసరికి కుడి చెయ్యి తిమ్మిరెక్కడం మొదలవుతుంది, అనంతపురం చేరేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు ఉన్నాయో లేవో తెలియదు. థ్రాటిల్ లాక్ పెట్టించుకొమ్మని మిత్రుడు చెప్పారు. పెట్టించుకోవచ్చా?

మెకానిక్: పెట్టించుకోవచ్చునండీ, కాని ఆ మాటకు ముందు మీ వేళ్ల సంగతి చూద్దాం. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి స్పర్శనిచ్చే అల్నార్ నాడి అరచేతి అంచున చర్మానికి దగ్గరగా వెళుతుంది. మీరు ఒంటి బరువును అరచేతి ఆ అంచుపై మోపి కూర్చుంటున్నారని, దానికి ఇంజను అదురు తోడవుతోందని నాకు అనిపిస్తోంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారుతూ ఉంటే అది వేరే నాడి, అప్పుడు మణికట్టు వంపును అనుమానించాలి. మీరు గ్రిప్‌ను ఎలా పట్టుకుంటారు?

శ్రోత (కర్నూలు): గట్టిగానే పట్టుకుంటానండీ. వదులుగా పడితే జారిపోతుందేమోనని భయం.

మెకానిక్: చాలామంది చేసే పని అదే. యాక్సిలరేటర్‌ను వదిలిన మరుక్షణం అది దానంతట అదే మూసుకోవాలని లోపల స్ప్రింగు పెడతారు. ప్రమాదం జరిగినా, చెయ్యి జారినా ఇంజను నెమ్మదించాలన్నది దాని ఉద్దేశం. అయితే నాలుగు గంటల ప్రయాణంలో ఆ నాలుగు గంటలూ మీ ముంజేతి కండరాలు ఆ స్ప్రింగును ఎదిరిస్తూనే ఉంటాయి. కేబుల్ ఎండిపోయి బిగుసుకుపోతే ఆ శ్రమ ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందు కేబుల్‌కు నూనె వేయించండి లేదా కొత్తది మార్పించండి. బ్రేకు లివర్‌ను కొద్దిగా కిందికి తిప్పించి, చాచిన వేళ్లు ముంజేతితో ఒకే వరుసలో లివర్‌ను అందుకునేలా చూసుకోండి. హ్యాండిల్ చివర్లలో బరువులు లేకపోతే పెట్టించండి, అవి అదురును కొంత తగ్గిస్తాయి. వీపును నిలబెట్టి, బరువును తొడలపై, ఫుట్‌రెస్టులపై మోపడం నేర్చుకోవాలి. ఇవన్నీ చేశాక కూడా నొప్పి మిగిలితే, ఆ మిగిలిన దానికి లాక్ పనికొస్తుంది.

నిర్వాహకురాలు: లాక్‌లలో రకాలు ఉన్నాయి కదా, వాటిని వివరించండి.

మెకానిక్: అన్నిటికన్నా సులువైనది గ్రిప్‌కు తగిలించే ప్లాస్టిక్ రెక్క. నిజానికి అది లాక్ కాదు, అరచేతి కింది భాగంతో నొక్కి పట్టుకుంటే వేళ్లు బిగించనవసరం ఉండదు, అంతే. దానిలో చిన్న ప్రమాదం ఉంది: ఊళ్లో నెమ్మదిగా బండి తిప్పుతున్నప్పుడు చెయ్యి పొరపాటున ఆ రెక్కను తాకితే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఊరు రాగానే దానిని పక్కకు తిప్పుకోవాలి. రెండవది గ్రిప్‌కు బిగించి బ్రేకు లివర్‌పై ఆనేలా నిలిపేది. మూడవది హ్యాండిల్ చివర బరువు స్థానంలో వచ్చే బిగింపు మర, దక్షిణాఫ్రికాలో తయారయ్యే కావోకో ఈ కోవలోది. నాలుగవది గ్రిప్‌కు, స్విచ్‌ల డబ్బాకు మధ్య కూర్చుని, ఒక బటన్ నొక్కితే రాపిడితో పట్టుకుని, మరొక బటన్‌తో వదిలేది. అట్లాస్ అనే పేరుతో వచ్చేది అలాంటిదే. ఈ చివరి మూడింటిలోనూ ఆధారం ఒక్కటే: స్ప్రింగు బలం కన్నా కాస్త ఎక్కువ రాపిడి, మన చేతి బలం కన్నా చాలా తక్కువ రాపిడి. ఆ రెండింటి మధ్య సందులోనే వస్తువు మంచిదో చెడ్డదో తేలుతుంది.

చాలా ఏళ్ల కిందట చౌకగా దొరికిన బిగింపు ఒకటి నేను కొన్నాను. పెనుకొండ సమీపంలో దిగుడులో ఎదురుగా లారీ నెమ్మదించింది, నేను గ్రిప్‌ను వెనక్కి తిప్పాను, అది కదలలేదు. ఇంజనును వెంటనే ఆపేసే కిల్ స్విచ్ నొక్కి బయటపడ్డాను. గ్రిప్‌ను చేతితో మూయనివ్వని లాక్‌ను అప్పటినుంచి ఎవరి బండికీ బిగించలేదు. అందువల్ల బిగించిన రోజే, ఇంజను ఆపి, సెంటర్ స్టాండుపై, లాక్ వేసి, హ్యాండిల్‌ను కుడి చివరి నుంచి ఎడమ చివరి దాకా తిప్పుతూ చేతితో గ్రిప్‌ను మూసి చూడండి. ఏ స్థానంలోనైనా సులువుగా మూసుకోవాలి. లాక్ వదలగానే గ్రిప్ టప్పున వెనక్కి రావాలి. లివర్‌పై ఆనే రకమైతే బ్రేకు పూర్తిగా పడుతోందో లేదో కూడా చూడాలి.

నిర్వాహకురాలు: తరువాతి ఫోను వరంగల్ నుంచి.

శ్రోత (వరంగల్): సార్, మా స్నేహితులు కొందరు కొనకుండా, గ్రిప్‌కు స్విచ్‌ల డబ్బాకు మధ్య రబ్బరు రింగు ఒకటి ఇరికించి వాడుతున్నారు. అది సరిపోతుందా?

మెకానిక్: ఆ ఉపాయం కొత్తదేమీ కాదు బాబూ, ఎన్నో దేశాల్లో రైడర్లు వాడినదే. కాని నేను దానిని సమర్థించను. బటన్ ఉన్న లాక్ అవసరమైనప్పుడే పట్టుకుంటుంది, మీ రింగు మాత్రం ట్రాఫిక్‌లో, వానలో, మలుపులో కూడా పట్టుకునే ఉంటుంది. మన వేసవి ఎండకు రబ్బరు మెత్తబడి ఎంత పట్టు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మీరు పడిపోతే యాక్సిలరేటర్ మూసుకోకపోవచ్చు. ఒకసారి తీసేసి చూడండి, గ్రిప్ ఎంత చురుగ్గా వెనక్కి వస్తుందో మీకే తెలుస్తుంది.

నిర్వాహకురాలు: హైదరాబాద్ నుంచి మరొక శ్రోత.

శ్రోత (హైదరాబాద్): కొత్త బండ్లలో క్రూజ్ కంట్రోల్ వస్తోంది కదా మేడమ్, థ్రాటిల్ లాక్‌కు, దానికి తేడా ఏమిటో మెకానిక్ గారిని చెప్పమనండి.

మెకానిక్: మంచి ప్రశ్న అడిగారు. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310 వంటి బండ్లలో ఉన్న క్రూజ్ కంట్రోల్ వేగాన్ని నిలుపుతుంది. ఎత్తు వస్తే తానే యాక్సిలరేటర్ పెంచుతుంది, బ్రేకును తాకగానే రద్దవుతుంది. లాక్ అలా కాదు, అది వేగాన్ని పట్టుకోదు, గ్రిప్ ఎంత తెరిచి ఉందో దానినే పట్టుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు వేగం పెరుగుతుంది, బ్రేకు వేసినా లాక్ తనంతట తాను వదలదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుందని గుర్తుంచుకుంటే, దానిని ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలిసిపోతుంది. మన 44వ నంబరు రహదారి చూడటానికి సాఫీగానే ఉంటుంది, కాని మీడియన్ సందులోంచి ట్రాక్టరు రాంగ్ రూట్‌లో వస్తుంది, పంట కోతల కాలంలో సర్వీసు రోడ్డుపైన, కొన్నిచోట్ల రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, సాయంత్రం గొర్రెలు, ఆవులు దాటుతాయి. కాబట్టి ముందు చాలా దూరం ఖాళీగా కనబడుతున్నప్పుడే, పొడి రోడ్డుపైనే లాక్ వేయండి. వాన పడినా, ఊరి బోర్డు కనబడినా, టోల్ ప్లాజా దగ్గరపడినా వదిలేయండి.

నిర్వాహకురాలు: ఇప్పుడు విజయవాడ నుంచి ఒక శ్రోత.

శ్రోత (విజయవాడ): నమస్కారం. మా వారికి యాభై ఎనిమిదేళ్లు. పదవీ విరమణ తరువాత విశాఖపట్నంలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి బండి మీదే వెళ్తున్నారు. లాక్ వేసుకుని కుడి చెయ్యి తొడ మీద పెట్టుకుంటారని మొన్న ఆయనే చెప్పారు. నాకు భయంగా ఉంది. ఆయన పక్కనే ఉన్నారు.

మెకానిక్: మీ భయం సహేతుకమైనదమ్మా, ఫోను ఆయనకు ఇవ్వండి. అయ్యా, నమస్కారం. మీ కుడి చెయ్యి తొడ మీద ఉన్నప్పుడు ముందు బ్రేకు మీకు దూరమైపోయినట్టే, ఆపే శక్తిలో ఎక్కువ భాగం ఆ ముందు చక్రంలోనే ఉంది. లాక్ వేసినా అరచెయ్యి గ్రిప్ మీదే ఉండాలి. వేళ్లను ఒకటొకటిగా చాపి ముడవండి, మణికట్టు నిటారుగా చేసుకోండి, గ్రిప్‌ను పిండడం మాత్రం మానేయండి. చేతికి కావలసిన విశ్రాంతి అంతే. గంటకొకసారి బండి ఆపి రెండు చేతులూ విదిలించుకుని నడవండి. ఇంటికి వచ్చాక కూడా తిమ్మిరి తగ్గకపోతే, చేతిలోంచి వస్తువులు జారుతుంటే, లాక్‌ను కాదు, నరాల వైద్యుడిని ఆశ్రయించండి.

శ్రోత భర్త: సరేనండీ. మరి అకస్మాత్తుగా బ్రేకు వేయవలసి వస్తే, ముందు లాక్ తీయాలా, బ్రేకు వేయాలా?

మెకానిక్: మంచి లాక్ అయితే లాక్ తీయనవసరం లేదు, చెయ్యి గ్రిప్‌ను మూస్తూనే బ్రేకు లివర్‌ను అందుకుంటుంది, రెండూ ఒకే కదలికలో అయిపోవాలి. ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో, పదిసార్లు అలా చేసి చూడండి. ఒకవేళ గ్రిప్ మూసుకోకపోతే, వెంటనే ఎడమ చేత్తో క్లచ్ పట్టండి. ఇంజను పెద్దగా రొద చేస్తుంది, దానికి కంగారుపడవద్దు. అదే సమయంలో కుడి బొటనవేలితో కిల్ స్విచ్ నొక్కి, రెండు బ్రేకులతో బండిని రోడ్డు పక్కకు తీసుకోండి. మీ బండికి కిల్ స్విచ్ పనిచేస్తోందా?

శ్రోత భర్త: ఎప్పుడూ నొక్కి చూడలేదండీ.

మెకానిక్: అయితే ఈ రాత్రే నొక్కి చూడండి. అది పనిచేసేదాకా లాక్‌ను విప్పి ఇంట్లో పెట్టండి.