యాంటీవైరస్ పని చేస్తోందా? మనమే పరీక్షించి చూద్దాం
(గుంటూరు బ్రాడీపేటలో కాలనీవాసుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను అరండల్‌పేటలో కంప్యూటర్ సర్వీసు పని చేస్తాను. ఇవాళ చెప్పబోయేది ఒకే ఒక్క సంగతి. మీ ఇంటి కంప్యూటర్లో ఉన్న యాంటీవైరస్ నిజంగా కాపలా కాస్తోందా లేదా అన్నది ఏ మెకానిక్కునీ పిలవకుండా, పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు. అదెలాగో చూపిస్తాను.

మా దగ్గరికి కంప్యూటర్ తెచ్చినవాళ్లని "యాంటీవైరస్ ఉందా అండీ?" అని అడుగుతాం. "ఉంది, కింద మూలన గుర్తు కనపడుతోందిగా" అంటారు. గుర్తు కనపడటం వేరు, పని చేయడం వేరు. లైసెన్సు గడువు దాటిపోయినా గుర్తు అక్కడే ఉంటుంది. ఎవరో వచ్చి ఏదో సాఫ్ట్‌వేర్ వేస్తూ రక్షణలో సగం తీసేసి వెళ్లినా గుర్తు అక్కడే ఉంటుంది. కొత్త గ్యాస్ బండ బిగించాక రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి చూస్తాం కదా, బుడగలు వస్తున్నాయా లేదా అని. కంప్యూటర్ విషయంలో అలాంటి పరీక్ష ఒకటుందని మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ముందు ఒక తేడా తెలియాలి. యాంటీవైరస్ రెండు రకాల పనులు చేస్తుంది. ఒకటి, మీరు 'స్కాన్' నొక్కితే డిస్కులో ఉన్న ఫైళ్లన్నీ వెతకడం. రెండోది, మీరేమీ నొక్కకుండానే, ఏ ఫైలు కొత్తగా వచ్చినా, తెరిచినా, కాపీ చేసినా, నడిపించినా ఆ క్షణంలోనే దాన్ని పట్టి చూడటం. ఈ రెండోదాన్నే రియల్‌టైమ్ ప్రొటెక్షన్ అంటారు. అసలు కాపలా ఇదే. పిల్లలు ఈఏపీసెట్ కాగితాలు ప్రింటు తీయించుకోడానికి జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తారు. ఆ షాపు కంప్యూటర్లో రోజూ ఎన్ని పెన్‌డ్రైవులు గుచ్చుతారో మీకు తెలుసు. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లు మాయమై, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు కనపడతాయి. తెలియక ఒకదాని మీద డబుల్ క్లిక్ కొడతారు. ఆదివారం ఫుల్ స్కాన్ పెడదాంలే అనుకుంటే ఈలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ఆ క్లిక్కు దగ్గరే అడ్డుపడాలి.

అడ్డుపడుతుందో లేదో తెలుసుకోడానికి నిజం వైరస్ తెచ్చి చూడకూడదు. అలాంటివి పంపిస్తామనేవాళ్లు నెట్‌లో ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. ఈ అవసరం కోసమే యాంటీవైరస్ రంగంలోని వాళ్లు ఎప్పుడో ఒక ఏర్పాటు చేశారు. యూరప్‌లో ఐకార్ (EICAR) అనే సంస్థ ఉంది, 1991లో మొదలైంది. కారో అనే పరిశోధకుల బృందంతో కలిసి వాళ్లు ఒక పరీక్ష ఫైలు తయారు చేశారు. దాన్ని ఐకార్ టెస్ట్ ఫైల్ అంటారు. అందులో వైరస్ లేదు, వైరస్ ముక్క కూడా లేదు. మొత్తం 68 అక్షరాల ఒకే ఒక్క వరుస. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, అంతే. మధ్యలో ఖాళీ కూడా ఉండదు. 'ఈ వరుస కనపడితే వైరస్ కనపడినట్టే హడావిడి చేయాలి' అని కంపెనీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. మీరు వాడేది విండోస్‌తో వచ్చే డిఫెండర్ కావచ్చు, పుణె వాళ్ల క్విక్ హీల్ కావచ్చు, చెన్నై వాళ్ల కె7 కావచ్చు, దీన్ని గుర్తుపట్టి తీరాలి.

ఈ 68 అక్షరాల పనితనం నాకు ఎంతో ఇష్టం. చూడటానికి చెత్తలా ఉంటుంది కానీ అది డాస్ కోసం, అంటే విండోస్‌కి ముందు కంప్యూటర్లని నడిపిన వ్యవస్థ కోసం రాసిన నిజమైన ప్రోగ్రాం. పాతకాలపు డాస్‌లో నడిపిస్తే 'ఇది యాంటీవైరస్ పరీక్ష ఫైలు' అనే అర్థం వచ్చే ఒక మాట తెర మీద చూపించి ఆగిపోతుంది. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అసలు నడవనే నడవదు. కీబోర్డు మీద ఎవరైనా టైపు చేయగలిగే అక్షరాలతోనే నడిచే ప్రోగ్రాం రాయడం తేలిక కాదు. ఆ శ్రమ వాళ్లు పడబట్టే ఇవాళ మనం నోట్‌ప్యాడ్‌లో కూర్చుని పరీక్ష చేయగలుగుతున్నాం.

ఇప్పుడు తెర వైపు చూడండి. ఐకార్ వాళ్ల సొంత సైటు తెరిచాను. అక్కడ ఫైలు దించుకునే లింకులున్నాయి, ఆ అక్షరాల వరుస కూడా ఉంది. నేను ఫైలు దించుకోవడం లేదు. ఎందుకంటే క్రోమ్ లాంటి బ్రౌజర్లకి వాటి రక్షణ వాటికుంటుంది. డౌన్‌లోడ్‌ని బ్రౌజరే ఆపేస్తే యాంటీవైరస్ ఆపిందని మనం పొరబడతాం. అందుకని వరుసను మాత్రం కాపీ చేసుకుంటున్నాను. ఎవరైనా చేత్తో టైపు చేయాలనుకుంటే మూడో అక్షరం దగ్గర జాగ్రత్త, అది సున్నా కాదు, ఇంగ్లిష్ పెద్ద ఓ.

నోట్‌ప్యాడ్ తెరిచాను. పేస్ట్ చేశాను. దాని ముందు ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. 'టెస్ట్' అని పైన శీర్షిక పెట్టారంటే పరీక్ష చెడినట్టే, వరుస ఫైలు మొదట్లోనే ఉండాలని నియమం. ఇప్పుడు సేవ్ యాజ్. కింద ఎన్‌కోడింగ్ అని ఉంది చూశారా, అక్కడ ఆన్సీ (ANSI) ఎంచుకోండి. వేరేది పడితే కొన్నిసార్లు ఫైలు ముందు కంటికి కనపడని గుర్తులు చేరతాయి, అప్పుడు మంచి యాంటీవైరస్ కూడా గుర్తుపట్టదు. పేరు ఏదైనా ఫర్వాలేదు. డెస్క్‌టాప్ మీద సేవ్ కొడుతున్నాను.

అదిగో, కుడివైపు కింద. 'థ్రెట్స్ ఫౌండ్' అని వచ్చింది. నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి, దానికి కంగారు పడొద్దు, అది తెర మీదున్న కాపీ మాత్రమే. డెస్క్‌టాప్ మీద చూడండి, ఫైలు లేదు. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి ప్రొటెక్షన్ హిస్టరీ తెరుస్తున్నాను. ఇక్కడ ఐకార్ టెస్ట్ ఫైల్ అన్న పేరు, టైము, ఫైలు ఎక్కడ దొరికిందో మొత్తం రాసి ఉంది. 'అలౌ' అనే మాట కనపడితే నొక్కకండి. 'రిమూవ్' అనండి, సరిపోతుంది.

ఇలా జరిగితే కాపలా మేలుకుని ఉందని అర్థం. జరగకపోతే ఏమనుకోవాలన్నది కాస్త నిదానంగా చూడాలి.

ఫైలు సేవ్ అయింది, ఎవరూ ఏమీ అనలేదు అనుకోండి. వెంటనే పని చేయట్లేదని తేల్చేయొద్దు. కొన్ని యాంటీవైరస్‌లు ఫైలు రాసేటప్పుడు కాకుండా తెరిచేటప్పుడు చూస్తాయి. ఆ ఫైలును ఒకసారి మూసి తెరవండి, ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అప్పటికీ చప్పుడు లేకపోతే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయమనండి. స్కాన్‌లో పట్టుకుంటే దోషం ఎక్కడుందో తెలిసిపోయింది. యాంటీవైరస్ బాగానే ఉంది, కాపలా మాత్రం ఆగిపోయింది. సెట్టింగుల్లోకి వెళ్లి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ కింద మేనేజ్ సెట్టింగ్స్ తెరవండి. రియల్‌టైమ్ ప్రొటెక్షన్ మీట అక్కడే ఉంటుంది. డిఫెండర్‌లో దీన్ని మీరు ఆపినా కాసేపటికి విండోస్ తనంతట తనే ఆన్ చేస్తుంది. దాని దగ్గరే టాంపర్ ప్రొటెక్షన్ అని ఇంకో మీట ఉంటుంది. వేరే ప్రోగ్రాములు మీ వెనక ఈ రక్షణలు మార్చకుండా చూసేది అదే, దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

అదే పేజీలో అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ అని ఒకటి ఉంటుంది. ఈ ఊళ్లో నేను ఎక్కువగా భయపడేది దాని గురించే. 'ఈ ఫోల్డర్లో ఏమున్నా చూడొద్దు' అని యాంటీవైరస్‌కి చెప్పే చోటు అది. మన దగ్గర డీటీపీ పని ఎక్కువ. శుభలేఖలు, ఫ్లెక్సీలు, క్యాలెండర్లు, పుస్తకాలు, గుంటూరు విజయవాడల మధ్య ఎంతమంది ఈ పని మీద బతుకుతున్నారో మీకు తెలుసు. ఇంట్లో కూర్చుని పేజీలు కట్టే ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఫాంట్లో, ఫొటోషాపో దొంగ కాపీ వేయించుకుంటే, వేసేవాళ్లు ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆపితే మళ్లీ ఆన్ అవుతోందని, 'డి' డ్రైవు మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్‌లో పెట్టేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత కింద గుర్తు పచ్చగానే ఉంటుంది. డెస్క్‌టాప్ మీద పరీక్ష చేస్తే పాస్ అవుతుంది. 'డి' డ్రైవులోకి మాత్రం ఏదైనా దర్జాగా దిగుతుంది, మీ కస్టమర్ల ఫైళ్లన్నీ ఉండేదీ అక్కడే.

అందుకని పరీక్ష ఒక్కచోట చేసి ఊరుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, 'డి' డ్రైవులో, ఒక పెన్‌డ్రైవులో, నాలుగుచోట్లా సేవ్ చేసి చూడండి. మూడుచోట్ల పట్టుకుని ఒకచోట వదిలేసిందంటే ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిచి, మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి. తీశాక ఏదైనా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే, అది ఎలాంటిదో మీకే అర్థమవుతుంది.

జిప్ ఫైళ్ల సంగతి వేరు. ఐకార్ వాళ్లు ఒకసారి జిప్ చేసినదీ, రెండుసార్లు జిప్ చేసినదీ కూడా ఇస్తారు. జిప్ లోపల ఉండగా చాలా యాంటీవైరస్‌లు పట్టించుకోవు, విప్పినప్పుడు పట్టుకుంటాయి. అది తప్పు కాదు.

మాస్టారొకరు ముందే చీటీ పంపారు: "ఈ పరీక్షలో పాస్ అయితే ఇక నిశ్చింతేనా?" మంచి ప్రశ్న. కాదు మాస్టారూ. ఈ వరుస పాతది, అందరికీ తెలిసింది. రెండేళ్ల క్రితం గడువు తీరి, అప్పట్నుంచి అప్‌డేట్ లేని యాంటీవైరస్ కూడా దీన్ని ఠక్కున పట్టేస్తుంది. నిన్న పుట్టిన వైరస్‌ని మాత్రం పట్టలేదు. కాపలా మేలుకుని ఉందా అన్నది వరకే ఈ ఫైలు చెబుతుంది. కొత్త దొంగల ఆనవాళ్లు దానికి తెలుసా అన్నది చెప్పదు. దానికోసం ప్రొటెక్షన్ అప్‌డేట్స్ అన్నచోట చివరి తేదీ చూడాలి. అది నిన్నటిదో ఇవాళ్టిదో అయి ఉండాలి. వారాల కిందటిదైతే అప్‌డేట్లు ఆగిపోయాయన్నమాట. డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది, కాబట్టి ఆ కొన్నదాని తేదీయే చూడాలి. గడువు తీరితే పొడిగించండి, లేదా పూర్తిగా తీసేసి డిఫెండర్‌ని పని చేయనివ్వండి. ఇళ్లకి అది సరిపోతుందన్నది నా అభిప్రాయం. చచ్చిన యాంటీవైరస్‌ని గుర్తు కోసం ఉంచుకోవడం మాత్రం వద్దు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు, విండోస్‌లో ఉన్న ఒక లోపం గుండా నెట్‌వర్కులో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దానంతట అదే దూకింది. ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి విండోస్ అప్‌డేట్‌ని వాయిదా వేసుకుంటూ పోవద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తే మార్చుకోండి. పనికి రాకపోతే, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరే వీలుందేమో సెట్టింగుల్లో చూడండి. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం విండోస్ 10 మీద ఇంకా వస్తూనే ఉంటుంది, కానీ విండోస్ గోడలో పడే కన్నాల్ని అది పూడ్చదు.

పరీక్షలో ఫెయిలై, మీట ఆన్ చేసినా నిలబడకుండా మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే, లోపల ఏదో ఇప్పటికే ఉందని అనుమానించండి. ఆ కంప్యూటర్లో బ్యాంకు పనులు చేయొద్దు. నెట్ తీసేసి, డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, అది పెట్టండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్ర మొదలుపెట్టింది, వాళ్ల సైటులో శుభ్రం చేసే ఉచిత టూల్స్ ఉన్నాయి. ఈలోపే ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్రౌజర్లో ఎర్రటి తెర వచ్చి 'మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అంటే మాత్రం చేయొద్దు. నిజం యాంటీవైరస్ ఏదీ ఫోన్ నంబరిచ్చి పిలవమనదు.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు ముందు వరుసలోకి రండి, కలిసి చేద్దాం. పిల్లలకి కంపెనీలు ఇచ్చిన ఆఫీసు ల్యాప్‌టాప్‌ల మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. అక్కడ ఫైలు పడగానే వాళ్ల ఐటీ విభాగానికి హెచ్చరిక వెళ్తుంది, ఎందుకు చేశావని అబ్బాయినో అమ్మాయినో అడుగుతారు. సొంతవైతే తెరవండి, ముందు 'డి' డ్రైవుతో మొదలుపెడదాం.