కోలా గింజ లంచం కాదు, తాంబూలం: ఉత్తర ఘనా పల్లెలకు వెళ్లేవారి కోసం

నమస్కారం. ఉత్తర ఘనా పల్లెలు చూసి వచ్చిన మనవాళ్లు చెప్పే కబుర్లలో ఒక మాట తరచుగా నా చెవిన పడుతూ ఉంటుంది: "అక్కడ ఊరి దొరకు ముందుగా మామూలు ముట్టజెబితే గాని ఊళ్లో తిరగనివ్వరు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే వారు మామూలు అంటున్నది అక్కడివారు మన వక్కలా నమిలే గుప్పెడు కోలా గింజలను. మన ఇంటికి పేరంటానికి వచ్చిన విదేశీ వనిత, ఆకూ వక్కా చేతిలో పెట్టగానే "ఈ లంచం నాకెందుకు?" అని అడిగితే ఆ ఇంటి ఇల్లాలికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఆఫ్రికా ఒకే దేశం కాదని మీకు తెలుసు. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదని మీ అమ్మగారు ఏనాడో నేర్పే ఉంటారు, అక్కడా అదే పద్ధతి. కాబట్టి వాటిని వదిలి నేరుగా తమాలె నగరానికి వెళ్దాం.

[తెరపై: ఘనా పటం, ఆక్రా నుంచి తమాలె వరకు గీత]

రాజధాని ఆక్రాకు ఉత్తరంగా సుమారు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న తమాలె చుట్టుపక్కల దగోంబా ప్రజలు నివసిస్తారు, వారి భాష దగ్బాని. అక్కడి నేల దట్టమైన అడవి కాదు. ఎత్తైన గడ్డి మధ్య షియా చెట్లు, బావొబాబ్ చెట్లు దూరదూరంగా కనిపించే మైదానం. (గోల్కొండ నయా ఖిలాలో మనం చూసే ఆ బ్రహ్మాండమైన ఏనుగు చెట్టు కూడా ఆఫ్రికా నుంచి వచ్చిన బావొబాబే.) అయితే ఈ గడ్డినేలలో కోలా చెట్టు పెరగదు. దానికి దక్షిణాన ఉన్న వానల అడవి కావాలి. శతాబ్దాల పాటు వర్తకులు బిడారులు కట్టి ఆ గింజలను ఉత్తరానికి చేరవేశారు. తమాలెకు దక్షిణాన ఉన్న సలగా పట్టణం 19వ శతాబ్దంలో కోలాకూ, విచారకరంగా బానిసల వ్యాపారానికీ పేరుమోసిన సంత. అంత దూరం నుంచి వచ్చిన వస్తువు కనుకనే దానికి అంత గౌరవం దక్కింది. పైగా ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న ముస్లింలకు మద్యం నిషిద్ధం, కోలా కాదు.

తాంబూలంతో పోలిక ఇక్కడితో ఆగదు. తమలపాకులను మనం తడిగుడ్డలో చుట్టి దాచినట్లే, కోలాను అక్కడి వ్యాపారులు తడి ఆకుల్లో చుట్టి వాడిపోకుండా కాపాడతారు. కొనేటప్పుడు గట్టిగా, మచ్చలు లేకుండా ఉన్నవి ఏరుకోండి. కొరికితే మొదట నోరంతా చేదు, ఆ తరువాత గుక్కెడు నీళ్లు తాగితే ఉసిరికాయ తిన్నట్లు తియ్యగా ఉంటుంది. పెళ్లిళ్లలోనూ, బిడ్డకు పేరు పెట్టే వేడుకలోనూ కోలా పంచిపెడతారు. "తాంబూలాలు పుచ్చుకున్నాం" అంటే మాట ఖాయమైందనీ, నలుగురూ అందుకు సాక్షులనీ మనం అర్థం చేసుకుంటాం కదా. దొర మీ కోలాను స్వీకరించడమంటే కూడా అంతే. ఆ క్షణం నుంచి మీరు ఆయన అతిథి, మీ మంచిచెడ్డలు ఆయన బాధ్యత. లంచం తీసుకున్నవాడు ఇటువంటి బాధ్యత నెత్తిన వేసుకోవడం మీరెప్పుడైనా చూశారా?

పోలిక ఒక్కచోట తిరగబడుతుంది. మన తాంబూలం వెళ్లేటప్పుడు ఇంటివారు ఇచ్చేది, వారి కోలా వచ్చేటప్పుడు అతిథి ఇచ్చేది.

[తెరపై: గుండ్రని మట్టి గది, గడ్డి కప్పు]

దొరగారి ఇంటికి వెళ్లడం ఎలాగో ఇప్పుడు చూద్దాం. దక్షిణ ఘనాలో దొరలకు అధికార చిహ్నం పీట అయితే ఉత్తరాన జంతుచర్మం; దగోంబా రాజు యా నా యెండి పట్టణంలో చర్మాల మీదనే ఆసీనుడవుతాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, టోపీ తీసి, లోపల గొంతుకు కూర్చోవాలి. ఆయన చేయి చాపితే తప్ప మీరు చాపకూడదు. మీ మాట మీ వెంట వచ్చిన స్థానికుడు దొర ప్రతినిధికి చెబితే, ఆ ప్రతినిధి దొరకు విన్నవిస్తాడు. మీ ఇంగ్లీషు దొరకు నేరుగా అర్థమైనా సరే, ఈ వరుస తప్పదు.

పలకరింపు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. పొద్దున "దసిబా" అంటారు, దానికి బదులు "నా". ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు అంటూ ప్రశ్నలు వరుసగా వస్తూనే ఉంటాయి, మీరు కథకు ఊఁ కొట్టినట్లు ప్రతిదానికీ "నా" అంటూ ఉంటే చాలు. ఇవన్నీ అయ్యాకనే పని మాట. పలకరించకుండా "బస్సు ఎన్నింటికి?" అని అడిగిన మనిషిని అక్కడ పెంపకం లేనివాడుగానే చూస్తారు, నా ఉద్దేశంలో అది న్యాయమే.

కోలా దొరకనప్పుడు కొద్దిపాటి నగదు ఇస్తారు, దాన్నీ కోలా అనే పిలుస్తారు. తాంబూలంలో పెట్టే దక్షిణ వంటిదనుకోండి; ఎంత పెట్టాలో మీతో వచ్చిన స్థానికుణ్ణి ముందే అడిగి తెలుసుకోండి. చూడదగ్గ ప్రదేశాల వద్ద వసూలు చేసే ప్రవేశ రుసుము పూర్తిగా వేరు, దానికి రసీదు అడగడంలో తప్పు లేదు. లరబంగాలోని పురాతన మట్టి మసీదును ముస్లిమేతరులు బయటి నుంచే చూడాలి. మనుషులను ఫోటో తీయాలంటే ముందుగా అనుమతి అడగాలి.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. భోజనంలో మొక్కజొన్న పిండితో చేసే తువో జాఫి అచ్చం మన సంకటే, కుడిచేత్తో తుంచి ఆకుకూర పులుసులో ముంచుకోవాలి. శాకాహారులు మాత్రం పులుసులో చేపపొడి ఉందేమో అడగాలి. కోసే అని అమ్మేవి అలసంద వడలు, వాటితో పొద్దున పూట గడిచిపోతుంది. ఘనాలో ప్రవేశించడానికీ, తిరిగి భారతదేశంలో దిగడానికీ ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకోండి, హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. మలేరియా నివారణ మాత్రల గురించీ, వానలు లేని పొడి కాలంలో వెళ్తుంటే మెనింజైటిస్ టీకా గురించీ వైద్యుణ్ణి సంప్రదించండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సహారా దుమ్మును మోసుకొచ్చే హర్మటాన్ గాలికి పెదవులు పగులుతాయి, రాత్రిళ్లు చలివేస్తుంది, దుప్పటి అవసరం. మోలె జాతీయ వనంలో సాయుధుడైన రేంజరు వెంట నడుస్తూ ఏనుగులను చూడాలంటే, అవి నీటి గుంటల దగ్గరకు చేరే జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. బావ్కు పట్టణానికీ, బుర్కినా ఫాసో సరిహద్దుకూ మాత్రం వెళ్లవద్దు, అక్కడ ఘర్షణలు జరుగుతున్నాయి.

చివరగా, ఊరు విడిచేటప్పుడు దొర వద్ద సెలవు తీసుకోండి. ఆయన మీ చేతికి కాళ్లు కట్టిన గిన్నెకోడిని అందించవచ్చు, ఇంటివారి తాంబూలం అన్నమాట. వద్దనకండి. కుడిచేత్తో అందుకుని, మాంసం తినని వారైతే ఊరు దాటాక డ్రైవరుకు ఇచ్చేయండి.